ముప్పై అయిదు పైసల భవిష్యత్తు

మేనేజ్‌మెంట్, పర్యావరణ శాస్త్రం, ప్రజావిధానం బోధించే తరగతుల్లో పరీక్షలకూ ప్రాజెక్టు నివేదికలకూ తోడుగా ఈ మధ్యకాలంలో మరో అభ్యాసం చోటు చేసుకుంటోంది. విద్యార్థికి అయిదారు నిమిషాల వ్యవధి ఇచ్చి, 2050నో 2070నో ఎంచుకోమని, వేడెక్కిన ఆనాటి లోకంలో ఒక పరిశ్రమ గానీ ఒక ఊరు గానీ ఒక బ్యాంకు గానీ ఎలా నడుస్తున్నదో అక్కడికి వెళ్లి చూసి వచ్చినవాడిలా తోటివారికి చెప్పమంటారు. ఆ ప్రసంగంలో శాస్త్రం ఉండాలి, వ్యాపారపు లెక్క ఉండాలి, ఆ రెంటినీ మనుషుల బతుకుతో ముడివేసే కల్పన కూడా ఉండాలి. దీన్ని వక్తృత్వపు పోటీకి పెట్టిన కొత్త పేరుగా భావించి తేలిగ్గా తీసుకునేవారు ఉన్నారు. కల్పనకు వాణిజ్యశాస్త్రపు తరగతిలో ఏం పని అని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కల్పనాశక్తిని ఎంత పొగిడినా దానికి సమాధానం దొరకదు గానీ, అదే తరగతిలో మరో గంటలో నేర్పే ఒక గణిత సూత్రాన్ని నిదానంగా పరిశీలిస్తే దొరుకుతుంది.

ఆ సూత్రానికి డిస్కౌంటింగ్ అని పేరు. ఈనాడు చేతిలో ఉన్న రూపాయికీ, ఎన్నో ఏళ్ల తరవాత చేతికి రాబోయే రూపాయికీ వాణిజ్యశాస్త్రం ఒకే విలువ కట్టదు. ఈనాటి రూపాయిని వడ్డీకి తిప్పితే అది పెరుగుతుంది కనుక, రేపటి రూపాయిని ఆ వడ్డీ మేరకు తగ్గించి చూడాలంటుంది. అంటే చక్రవడ్డీని వెనక్కి నడిపి, భవిష్యత్తులోని లాభనష్టాలకు ఈనాటి విలువను రాబట్టడమన్నమాట. తగ్గింపుకు వాడే శాతాన్ని డిస్కౌంట్ రేటు అంటారు. ఒక సంస్థ తన పెట్టుబడి ప్రతిపాదనలను ఏడాదికి 12 శాతం రేటుతో తూస్తున్నదనుకుంటే, యాభై ఏళ్ల తరవాత జరగబోయే నూరు రూపాయల నష్టం ఆ సంస్థ పుస్తకాల్లో నేడు దాదాపు 35 పైసలుగా కనిపిస్తుంది. ఒక తీరప్రాంత పట్టణం మునిగిపోవడమైనా, ఒక డెల్టా ఉప్పుబారిపోవడమైనా ఈ జల్లెడ దాటి వచ్చేసరికి నలుసంత మిగులుతుంది. ఈ లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు, లెక్క వేసినవాడిలో దురుద్దేశమూ లేదు. అయినా దాని చివరి వరుసలో ఒక తరం మొత్తం కనుమరుగైపోతుంది.

అర్థశాస్త్రవేత్తలు దీన్ని గమనించకపోలేదు. బ్రిటిష్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ 2006లో సమర్పించిన సుప్రసిద్ధ నివేదిక, వాతావరణ మార్పును అరికట్టడానికి వెంటనే పెద్ద ఎత్తున ఖర్చు పెట్టడమే లాభదాయకమని తేల్చింది. ఆ తరవాత 2018లో నోబెల్ పురస్కారం అందుకున్న విలియం నార్డ్‌హాస్, ఆ నిర్ధారణకు ముఖ్యమైన ఆధారం స్టెర్న్ ఎంచుకున్న తక్కువ డిస్కౌంట్ రేటేనని విమర్శించాడు. స్టెర్న్ వాడిన రేటు సుమారు 1.4 శాతం, నార్డ్‌హాస్ సమర్థించిన రేటు 4 శాతానికి పైన. మొదటి రేటు ప్రకారం యాభై ఏళ్ల తరవాతి నూరు రూపాయలు నేడు యాభై రూపాయలతో సమానం, నాలుగు శాతం రేటు ప్రకారం పద్నాలుగు రూపాయలతో సమానం. ఇంకా పుట్టని మనిషి క్షేమానికి నేటి మనిషి క్షేమంతో సమానమైన బరువు ఇవ్వాలా వద్దా అన్న ధర్మసందేహం ఒక దశాంశ బిందువు వెనక దాగి ఉండడం ఈ వివాదంలో అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం.

అప్పట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్‌గా ఉన్న మార్క్ కార్నీ 2015 సెప్టెంబరులో లండన్‌లోని లాయిడ్స్ బీమా సంస్థలో ప్రసంగిస్తూ ఇదే చిక్కును మరో కోణం నుంచి వివరించాడు. వాతావరణ మార్పు వల్ల కలిగే పెద్ద నష్టాలు వ్యాపార ప్రణాళికలకూ ఎన్నికల గడువులకూ కేంద్ర బ్యాంకుల వంటి సంస్థల బాధ్యతా కాలానికీ అవతల ఉంటాయని, అవి కళ్లముందుకు వచ్చేనాటికి సరిదిద్దుకునే వ్యవధి మిగలకపోవచ్చునని అతని వాదన. రెండేళ్ల తరవాత, 2017లో, కొన్ని కేంద్ర బ్యాంకులు కలిసి ఆర్థిక వ్యవస్థను పర్యావరణ హితంగా మలచేందుకు ఒక కూటమిని ఏర్పరచుకున్నాయి. భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఏప్రిల్‌లో అందులో చేరింది. ఆ కూటమి తయారుచేసిన ఊహాచిత్రాల్లో సర్దుబాటు సకాలంలో క్రమపద్ధతిలో జరిగే లోకం ఒకటి, ఆలస్యంగా గందరగోళంగా జరిగే లోకం ఒకటి, ఏ మార్పూ జరగక భూమి మండిపోయే లోకం మరొకటి. కరెన్సీకి కాపలా కాసే సంస్థలు సైతం కల్పన చేయక తప్పని స్థితికి వచ్చాక, విద్యార్థికి కల్పన దేనికన్న ప్రశ్న కొంత బలం కోల్పోతుంది.

అయిదు నిమిషాల ప్రసంగం డిస్కౌంటింగ్‌కు సరిగ్గా ఎదురుదిశలో పనిచేస్తుంది. సూత్రం దూరపు మనిషిని చిన్నవాడిని చేస్తే, ప్రసంగం అతణ్ణి మళ్లీ నిలువెత్తు మనిషిగా తరగతిలో నిలబెడుతుంది. పైగా ఇరవై ఏళ్ల విద్యార్థి యాభై ఏళ్ల తరవాతి లోకాన్ని వర్ణిస్తున్నాడంటే ఆ దూరపు మనిషి మరెవరో కాదు, డెబ్బై ఏళ్ల వయసులో ఉన్న తానే. 1992లో రియో డి జనైరోలో జరిగిన ధరిత్రీ సదస్సులో పన్నెండేళ్ల కెనడా బాలిక సెవెర్న్ కల్లిస్-సుజుకి కొద్ది నిమిషాలు మాట్లాడి ప్రపంచ ప్రతినిధులను కదిలించింది. ఆమె వారసురాలిగా నిలబడి, తన వంతు తనకు మిగల్చమని పెద్దలను నిలదీసింది. వాణిజ్యశాస్త్ర విద్యార్థి పరిస్థితి అంత తేటగా ఉండదు. అతడు వారసుడే అయినా, మరి రెండేళ్లలో ఏదో ఒక సిమెంటు కంపెనీలోనో బ్యాంకులోనో సాఫ్ట్‌వేర్ సంస్థలోనో ఉద్యోగంలో చేరి, ఆ పన్నెండు శాతం లెక్కను స్వయంగా వేయబోయేవాడు కూడా. అడిగేవాడూ అచ్చుకోవలసినవాడూ ఒక్కడే కావడం వల్ల ఈ ప్రసంగాలకు ఒక బరువు వస్తుంది. ఆ బరువును గుర్తించని ప్రసంగం ఎంత చమత్కారంగా ఉన్నా తేలిపోతుంది.

రాబోయే కాలపు వానలనూ ధరలనూ నలుగురిలో కూర్చుని వినడం తెలుగు సమాజానికి కొత్త కాదు. ఉగాది నాటి పంచాంగ శ్రవణంలో ఆ ఏడాదికి రాజెవరో మంత్రి ఎవరో చెప్పిన తరవాత, పైరుకు సస్యాధిపతిని, వానకు మేఘాధిపతిని, సరుకుల ధరలకు అర్ఘాధిపతిని ప్రకటిస్తారు; వాన ఎంత కురుస్తుందో, అందులో సముద్రానికి ఎంత, కొండలకు ఎంత, నేలకు ఎంత దక్కుతుందో చెబుతారు; చివరికి రాశుల వారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వినిపిస్తారు. వాతావరణమూ వ్యాపారమూ ఒకే నోట, ఒకే చోట కూర్చుని వినవలసిన విషయాలని ఈ సంప్రదాయం ఎన్నడో గ్రహించిందనడంలో అతిశయోక్తి లేదు, ఎందుకంటే వ్యవసాయమే జీవనాధారమైన సమాజానికి వాన లెక్కా ధర లెక్కా వేరుగా ఉండవు. అయితే పంచాంగంలో భవిష్యత్తు ముందే పూర్తయి ఉంటుంది, శ్రోతకు మిగిలేది దానికి సిద్ధపడడం మాత్రమే. విద్యార్థి ప్రసంగంలోని భవిష్యత్తు ఇంకా ఎవరెవరో తీసుకోవలసిన నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి ఫలితాన్ని మాత్రమే చెప్పి ఆ నిర్ణయాలను వదిలేసే విద్యార్థి, తనకు తెలియకుండానే, పంచాంగకర్త ఆసనంలో కూర్చుంటున్నాడు.

ఈ తేడాను వ్యాపార ప్రపంచానికి బాగా నేర్పినవాడు షెల్ చమురు సంస్థలో పనిచేసిన పియేర్ వాక్ అనే ఫ్రెంచి దేశస్థుడు. జరగగల పరిణామాలను ఒకదానికొకటి భిన్నమైన, కానీ వేటికవే పొసిగే కథనాలుగా అల్లి, ఒక్కొక్క కథనంలో సంస్థ ఏం చేయాలో ముందుగా ఆలోచించే పద్ధతికి సినారియో ప్రణాళిక అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికా సైనిక వ్యూహకర్తల మధ్య పెరిగిన ఆ పద్ధతిని వాక్ బృందం 1970ల మొదట్లో చమురు వ్యాపారానికి అన్వయించింది. చమురును ఉత్పత్తి చేసే దేశాలు తమ సరఫరాను బిగించి ధర పెంచగలవన్న కథనాన్ని వారు 1972లోనే యాజమాన్యం ముందు ఉంచారు. 1973 అక్టోబరు నాటి అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తరవాత కొద్ది నెలల్లోనే పీపా చమురు సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు చేరినప్పుడు, మిగతా సంస్థల కంటే షెల్ త్వరగా తేరుకోగలిగింది. వాక్ తన పద్ధతిని వివరించడానికి గంగానదిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఎగువ పరీవాహక ప్రాంతంలో కుండపోతగా వాన కురిస్తే, మరి కొద్ది రోజుల్లో ఋషీకేశంలోనూ, ఆ తరవాత అలహాబాదులోనూ, ఆపైన కాశీలోనూ వరద తప్పదని ముందే తెలుస్తుంది. అది జోస్యం కాదని, ఇప్పటికే జరిగిపోయినదాని పర్యవసానమని అతని భావం.

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. 2022 జులైలో అక్కడ నది 71 అడుగులు దాటినప్పుడు ఆ నీరంతా ధవళేశ్వరానికీ అక్కడి నుంచి కోనసీమ లంకలకూ రాబోతున్నదని దిగువ జనానికి తెలిసే ఉంది. వాతావరణ భవిష్యత్తులో ఇలా ఎగువన ఇప్పటికే కురిసిపోయిన వాన వంటి అంశాలు కొన్ని ఉన్నాయి. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు 315 భాగాల ప్రాంతంలో ఉన్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 భాగాలు దాటింది. దాని కారణంగా సముద్రమట్టం పెరగడం రాబోయే దశాబ్దాల్లో ఆగేది కాదు. ఎంత పెరుగుతుంది, ఎవరు ఎక్కడికి కదులుతారు, కట్టలు ఎవరి పొలాలకు ముందు కడతారు అన్నవి మాత్రం ఇంకా తేలనివి. మంచి ప్రసంగం ఈ రెంటినీ వేరు చేసి చూపిస్తుంది. తప్పనిదాన్ని తప్పించగలిగినట్టు చెబితే అది వట్టి ఓదార్పు అవుతుంది, తప్పించగలిగినదాన్ని తప్పనిదిగా చెబితే అంతకంటే హాని జరుగుతుంది.

షెల్ కథ 1973 నాటి విజయంతో ఆగి ఉంటే కల్పనను నమ్మడం సులభమయ్యేది. అదే సంస్థ 1988లో భూతాపం మీద ఒక అంతర్గత నివేదిక తయారుచేసుకుంది. 1991లో వాతావరణ మార్పు గురించి 28 నిమిషాల చిత్రం నిర్మించింది. పెరిగే సముద్రాలనూ వలసపోయే జనాన్నీ హెచ్చరికగా చూపిన ఆ చిత్రం పాఠశాలలకూ విశ్వవిద్యాలయాలకూ ఉద్దేశించినదే. 1998 నాటి ఒక అంతర్గత సినారియోలోనైతే, 2010లో భీకరమైన తుఫానులు అమెరికా తూర్పు తీరాన్ని దెబ్బతీశాక ప్రజాసంఘాలు ప్రభుత్వం మీదా చమురు సంస్థల మీదా దావాలు వేస్తాయని రాసుకున్నారు. రెండేళ్ల తేడాతో శాండీ తుఫాను రానే వచ్చింది, అమెరికా నగరాలు చమురు సంస్థలను న్యాయస్థానాలకు ఈడ్చడమూ తరవాతి సంవత్సరాల్లో మొదలైంది. ఇంత స్పష్టంగా ఊహించిన సంస్థ తన ప్రధాన వ్యాపారాన్ని మాత్రం చమురూ సహజవాయువుల చుట్టూనే కొనసాగించింది. భవిష్యత్తును చూడగలగడం, చూసినదానికి తగ్గట్టు నడుచుకోవడం వేర్వేరు శక్తులని ఇక్కడ అంగీకరించక తప్పదు. సినారియో రాసిన గదిలో కల్పన రాజ్యమేలింది గానీ, పెట్టుబడులు నిర్ణయించిన గదిలో డిస్కౌంట్ రేటు రాజ్యమేలింది, ఆ రెండు గదుల మధ్య తలుపు తెరుచుకోలేదు. విద్యార్థుల ప్రసంగాలు వాణిజ్యశాస్త్రపు తరగతిలోనే జరగవలసిన అవసరం ఇందువల్లనే కలుగుతోంది. సాహిత్య సంఘంలో జరిగే కల్పనకు ఆ తలుపు తట్టే అవకాశం తక్కువ.

కల్పన లెక్కతో చేయి కలిపినప్పుడు ఏమవుతుందో చూడడానికి ఎండ మంచి ఉదాహరణ. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు; వారిలో ఎండలో పని మానుకునే స్తోమత లేని కూలీలూ వృద్ధులూ ఎక్కువ. ఎండ ముదిరిన రోజున ఇంటిపట్టున ఉండగలగడమే ప్రాణరక్షణ అయితే, ఆ రోజు కూలిని ఎవరు భరించాలి? అహ్మదాబాదు కేంద్రంగా పనిచేసే స్వయం ఉపాధి మహిళల సంఘం సేవా 2023లో గుజరాత్‌లో తన సభ్యుల కోసం ప్రారంభించిన బీమా ఈ ప్రశ్నకు ఒక జవాబు. దాన్ని పారామెట్రిక్ బీమా అంటారు. నష్టం జరిగిందని నిరూపించే పత్రాలు అడగకుండా, ఉష్ణోగ్రత ముందుగా ఒప్పుకున్న హద్దు దాటితే చాలు, డబ్బు నేరుగా సభ్యురాలి ఖాతాలో పడేలా దాన్ని రూపొందించారు. పదిహేనేళ్ల కిందట ఒక విద్యార్థి తరగతిలో నిలబడి, థర్మామీటరు చూసి కూలి చెల్లించే వ్యాపారం వస్తుందని చెప్పి ఉంటే అది అందమైన ఊహగా మిగిలిపోయేది. నేటి విద్యార్థి అక్కడి నుంచి ముందుకు వెళ్లాలి. మొదట్లో ఆ ప్రీమియం భారాన్ని దాతృత్వ నిధులు మోశాయి. హద్దు దాటే రోజులు ఏటేటా పెరుగుతూ పోతే ప్రీమియమూ పెరుగుతుంది; అరుదుగా జరిగే నష్టాన్ని పదిమందికీ పంచడం మీద నిలబడే బీమా, ఏటా జరిగే నష్టాన్ని ఎంతకాలం మోయగలదు? 2050 నాటి విశాఖపట్నం గురించో రామగుండం గురించో మాట్లాడే విద్యార్థి ఈ ప్రశ్న దగ్గర తడబడితే ఆ తడబాటు కూడా విలువైనదే, ఎందుకంటే అనుభవజ్ఞులైన బీమా నిపుణులు ఆగిపోయే చోటుకే అతడూ చేరుకున్నాడు.

ప్రసంగం చిన్నదిగా ఉండాలన్న నియమం గురించి కూడా ఆలోచించాలి. టోక్యోలో ఇద్దరు వాస్తుశిల్పులు 2003లో మొదలుపెట్టిన పెచాకుచా పద్ధతిలో ఇరవై చిత్రాలను ఒక్కొక్కటి ఇరవై సెకన్ల చొప్పున చూపిస్తూ, ఆరు నిమిషాల నలభై సెకన్లలో ముగించాలి; ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ప్రారంభించిన పోటీలో పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథాన్ని మూడు నిమిషాల్లో చెప్పాలి. సంక్షిప్తత అప్రధానమైనదాన్ని రాల్చివేస్తుంది, లోకాన్నంతా ఉద్ధరించే ఉపన్యాసానికి చోటివ్వదు, ఒక ఊరినో ఒక వృత్తినో ఎంచుకోక తప్పని స్థితి కల్పిస్తుంది. కానీ దాని వెంట ఒక ప్రలోభం కూడా వస్తుంది: సమయం అయిపోవస్తున్నకొద్దీ సమస్యను ఏదో ఒక యంత్రానికో మొబైల్ యాప్‌కో అప్పగించి చప్పట్ల మధ్య దిగిపోవడం. గాలిలోని కర్బనాన్ని పీల్చే యంత్రం వస్తుంది, ఉప్పునీటిలో పండే వరి వస్తుంది, అందరూ సుఖంగా ఉంటారు. ఆ యంత్రానికి కరెంటు ఎక్కడిది, ఆ విత్తనం ఎవరి సొత్తు, పాత వ్యాపారంలో బతికినవారు ఏమయ్యారు అన్నవి చెప్పడానికి వ్యవధి మిగలదు. సుఖాంతం కంటే ఇక్కడ మిగిలిపోయిన ప్రశ్నే ఎక్కువ గౌరవనీయం.

అష్టావధానంలో పృచ్ఛకుడు నిషిద్ధాక్షరి ఇచ్చినప్పుడు, సులువుగా నోటికి వచ్చే అక్షరాన్నే అడుగడుగునా నిషేధించి అవధానిని లోతైన పదసంపదలోకి నెడతాడు. ఈ ప్రసంగాలకు అటువంటి పృచ్ఛకులు కావాలి. ఇంకా పుట్టని యంత్రం పేరు చెప్పరాదని ఒకరు, ప్రభుత్వమే చూసుకుంటుందని అనరాదని ఒకరు, నష్టపోయేవారిని పేర్కొనకుండా లాభం చెప్పరాదని మరొకరు అడ్డుపడితే, విద్యార్థి ఊహ తేలికపాటి దారులు మూసుకుపోయి అసలైన దారి వెతుక్కుంటుంది. మార్కులు ఊహ నిజమయ్యే అవకాశాన్ని బట్టి వేయడం అర్థంలేని పని. 2050లో ఏం జరుగుతుందో ఉపాధ్యాయుడికీ తెలియదు. ప్రసంగం తరవాతి ప్రశ్నలకు ప్రసంగం కంటే ఎక్కువ సమయం కేటాయించడం, ఖర్చు ఎవరి మీద పడుతుందో చెప్పినవారికి ఎక్కువ మార్కులు ఇవ్వడం అంతకంటే న్యాయంగా ఉంటుంది.

కొల్లేరును తీసుకుంటే ఈ పద్ధతి ఎంత కఠినమైనదో తెలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు; 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది; 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరే, సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీటిని లోపలికి తెచ్చే దారి కూడా. ఇక ఒక విద్యార్థి 2050 నుంచి వెనక్కి నడుస్తూ మాట్లాడుతున్నాడనుకుందాం. కోరుకున్న గమ్యాన్ని ముందు నిర్ణయించి, అక్కడి నుంచి నేటి వరకు ఏ ఏడాది ఏ పని జరిగి ఉండాలో వరుసగా చెప్పే ఈ పద్ధతిని బ్యాక్‌కాస్టింగ్ అంటారు. అతని కథనంలో సరస్సు మళ్లీ నిండింది, సరస్సు దగ్గరి ఆటపాకలో గూడబాతులు పెరిగాయి, వరదనీటిని నిలుపుకొని దిగువ ఊళ్లను కాపాడినందుకు కొల్లేరు గ్రామాలకు బీమా సంస్థలు ఏటా రుసుము చెల్లిస్తున్నాయి. వ్యాపారపరంగా ఇది పొసగని ఊహేమీ కాదు, వరద తగ్గితే బీమా సంస్థకు మిగిలే సొమ్ము నిజమైనదే.

అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. సరస్సు నిండాలంటే ఏ ఏడాదిలో ఏ చెరువులు మాయమయ్యాయి? బొచ్చె, శీలావతి పెంచడానికి ఆ చెరువు మీద తీసుకున్న అప్పు తీరడానికి ఇంకా ఏడేళ్లు ఉంటే దాన్ని బ్యాంకు వదులుకుందా, రైతు కట్టాడా? పట్టా ఒకరిది, లీజు మరొకరిది అయినప్పుడు పరిహారం ఎవరి ఖాతాలో పడింది? పట్టా గానీ లీజు గానీ లేకుండా రోజుకూలికి వలలాగి, మేత చల్లి బతికినవారికి బీమా సంస్థ ఇచ్చే రుసుములో వాటా ఏ పేరున రాశారు? చివరి ప్రశ్నకు విద్యార్థి దగ్గర ఉపగ్రహ చిత్రాలేవీ పనికిరావు. అతడు కైకలూరు వైపు వెళ్లి, చెరువు గట్ల మీద పనిచేసేవారిని అడిగి, తన అయిదు నిమిషాలను మళ్లీ రాసుకోవలసి ఉంటుంది.